డి.ఆర్.జి.ఎం. కంపెనీ పేరు కాదు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర తాతయ్య నడిపిన ఫొటో స్టూడియో సామానులో అగ్గిపెట్టెంత సెల్ఫ్‌టైమర్ ఒకటి దొరికింది. కెమెరా మీటకు తగిలించి కీ ఇస్తే, కాసేపటికి తనే మీట నొక్కే చిన్న యంత్రం. అమ్మ చింతపండుతో తోమబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. నికెల్ పూత ఊడితే దాని ఊరూ పేరూ ఊడినట్టే.

వెనక అక్షరాలు అరిగిపోయాయి. గది చీకటి చేసి టార్చి వెలుగును పక్కనుంచి ఏటవాలుగా వేస్తే నీడల్లో తేలాయి: డి.ఆర్.జి.ఎం. అదేదో కంపెనీ అనుకుని రెండు వారాలు వెతికాను. తీరా చూస్తే, జర్మనీలో 1891 చట్టంతో వచ్చిన నమూనా రిజిస్ట్రేషన్ గుర్తు! బొమ్మల మీదా, తాళాల మీదా కూడా ఉంటుందట. యుద్ధం తర్వాత, 1949లో మ్యూనిక్‌లో పశ్చిమ జర్మనీ పేటెంట్ కార్యాలయం తెరిచాక 'ఆర్' పోయి 'బి' వచ్చింది. అంటే మా యంత్రం నమూనా అంతకు ముందుది. గుర్తు చెప్పేది నమూనా వయసే సుమా, వస్తువుది కాదు. పాత అచ్చులను తర్వాత కూడా వాడతారు.

ఆ రాత్రి భయంభయంగా కీ ఇచ్చాను. గుర్రుమని తిరిగి, 'టక్' మంది.