వీఆర్‌లో చెట్టు గీసి దాని కాండంలోకి దూరడం ఎలా?

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుంటే మన చుట్టూ కనపడే కంప్యూటర్ లోకం. హెడ్‌సెట్ సంగతి తర్వాత, ముందు బయటికెళ్లి ఒక నిజం చెట్టు దగ్గర నిలబడండి. వేపో చింతో ఏదైనా పర్లేదు, కాండానికి వీపు ఆనించి ఓ పది నిమిషాలు ఉంటే బెరడు గరుకు, కొమ్మ మన చేతికి ఎంత ఎత్తులో ఉంది ఇవన్నీ ఒంటికి గుర్తుంటాయి, ఫొటో తీసుకుంటే ఆ పని అవ్వదు.

ఇంట్లో రెండు మీటర్లకి రెండు మీటర్లు ఖాళీ చేసుకోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి (కొమ్మ గీద్దామని చెయ్యెత్తి రెక్కలకి తగిలించుకున్నా నేను), బదులుగా దూరంగా టేబుల్ ఫ్యాన్ స్లోగా పెట్టుకోండి, మొహానికి గాలి తగులుతుంటే సగం అడవి వచ్చేసినట్టే.

ఇప్పుడు ఓపెన్ బ్రష్ యాప్ వేసుకోండి, హెడ్‌సెట్ పెట్టుకుని గాల్లో చేత్తో బొమ్మలు గీయడానికి, ఫ్రీ. గూగుల్ 2016లో తెచ్చిన టిల్ట్ బ్రష్‌ని 2021లో ఓపెన్ సోర్స్ చేసేసింది (అంటే దాని కోడ్ అందరికీ ఇచ్చేసింది), ఇది దాన్నుంచి పుట్టిందే.

అసలు కిటుకు ఇక్కడుంది. చాలామంది మందం బ్రష్‌తో గోడలాంటి కాండం గీసేస్తారు, అప్పుడు చెట్టుని బయట నిలబడి చూడటమే మిగులుతుంది. కెనడా ఆర్టిస్ట్ చార్ డేవిస్ 1995లో 'ఆస్మోస్' అని ఒక వీఆర్ వర్క్ చేశారు, అందులో జాయ్‌స్టిక్కే లేదు, ఛాతీకి సెన్సర్లున్న జాకెట్ కడతారు, ఊపిరి పీలిస్తే పైకి తేలతాం, వదిలితే కిందికి దిగుతాం, ఎటు వాలితే అటు వెళ్తాం. ఆవిడ స్కూబా డైవర్, నీళ్లలో ఊపిరితోనే తేలడం మునగడం అలవాటు కాబట్టి వచ్చిన ఆలోచన అది. చెట్టూ ఆకులూ కూడా అవతలివి కనపడేలా పల్చగా ఉంటాయి, అందుకే ఆకులోకి దూరొచ్చు, వేళ్ల కిందికీ పోవచ్చు.

కాబట్టి 'లైట్' బ్రష్ తీసుకుని సన్నటి గీతలు, మధ్యలో సందులు వదులుతూ, మీ చుట్టూనే గీయండి. చెట్టు వేళ్లు మాత్రం నేలమీద కూర్చుని, కొమ్మలు మునివేళ్ల మీద లేచి.

జాకెట్ మనకి లేదు కదా, దానికో జుగాడ్: చేతుల్లో పట్టుకునే రెండు కంట్రోలర్ల గ్రిప్ బటన్లూ (పక్కన ఉండేవి) నొక్కి పట్టుకుని, ఊపిరి వదులుతూ చేతులు రెండూ మెల్లగా పైకి లేపండి, బొమ్మ పైకి పోయి మీరు వేళ్లలోకి దిగినట్టుంటుంది, పీలుస్తూ చేతులు దించితే కొమ్మల్లోకి. గబగబా చేస్తే మాత్రం కడుపులో తిప్పుతుంది.

తల తిరిగితే ముందు కూర్చోండి, తర్వాతే హెడ్‌సెట్ తీయండి, వెంటనే బండి తీయకండి.