చిత్తూరు నుంచి తోమాసుగారి సమాధికి ఒక్క రోజులో

యేసుక్రీస్తు శిష్యుడు తోమాసుగారి సమాధి ఉన్న మద్రాసు శాంతోమ్ చర్చికి వెళ్ళొచ్చామనేవాళ్ళలో చాలామంది గుడి ముందు ఫొటో దిగి, బీచ్ చూసి తిరిగొచ్చినవాళ్ళే. సమాధి నేల కింద ఉందని కూడా తెలియదు. మా విచారణ (మా చర్చి పరిధి) ఆడవాళ్ళకు వ్యాను మాట్లాడేది నేనే కాబట్టి నా పద్ధతి చెప్తాను: ఆయన దాక్కున్న చోటు ముందు, చంపిన చోటు తర్వాత, పాతిపెట్టిన చోటు ఆఖరున.

తెల్లవారుజామున నాలుగున్నరకల్లా చిత్తూరు దాటాలి. రాణిపేట, శ్రీపెరుంబుదూరు మీదుగా దాదాపు 150 కిలోమీటర్లు. పులిహోర కట్టుకోండి, హోటల్లో ఆగితే గంట పోతుంది. దారిలో ఆయన్ని చంపిన పరంగిమలై కొండే (సెయింట్ థామస్ మౌంట్) ముందు తగులుతుంది, డ్రైవరు అక్కడే ఆపుతానంటాడు. వద్దని చెప్పి, ఆయన దాక్కున్న చిన్నమలైకి (లిటిల్ మౌంట్), సైదాపేట దగ్గరికి పోనివ్వమనండి.

క్రీ.శ. 52లో కేరళ తీరంలో దిగిన తోమాసుగారు, ఇటు వచ్చాక శత్రువులకు చిక్కకుండా చిన్నమలై గుహలో తలదాచుకున్నారని మన పెద్దల నమ్మకం. ఇరుకు గుహ, ఒక్కొక్కరే వంగి వెళ్ళాలి. ఆయన ప్రార్థిస్తే రాతిలోంచి పుట్టిందని చెప్పే ఊట అక్కడే ఉంది.

తర్వాత పరంగిమలై కొండ. మెట్లు 130కి పైగా ఉంటాయి, ఎక్కుతూ సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ చేసే ప్రార్థన) చేసుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను వ్యానులో రోడ్డు మీదుగా పంపండి. మెట్లెక్కలేదని ఎవరికీ పుణ్యం తగ్గదు! క్రీ.శ. 72లో ఆయన్ని ఈటెతో పొడిచి చంపింది ఈ కొండ మీదే అంటారు. కొండ మీది గుడిలో పీఠం దగ్గరి రాతి సిలువను తొందరపడకుండా చూడండి. 1547లో గుడికి పునాది తవ్వుతుంటే పోర్చుగీసువాళ్ళకు దొరికింది. చుట్టూ పహ్లవీ (పాత పర్షియా లిపి) అక్షరాలు. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా ఆ రాయి నెత్తురు చెమర్చిందట. అలా 1704 దాకా చాలాసార్లు జరిగిందంటారు. భోజనాలు కొండ మీదే కానివ్వండి. కింద విమానాలు దిగుతుంటే పిల్లలు మారాం చేయకుండా తినేస్తారు.

శాంతోమ్‌లో ఇప్పుడున్న తెల్ల గుడి 1896లో పూర్తయింది. దాని వెనక్కి వెళ్ళి మెట్లు దిగితేనే సమాధి. మావాళ్ళకు వ్యానులోనే చెప్పేస్తాను: ఆయన అస్థికల్లో ఎక్కువ భాగం 1258 నుంచి ఇటలీలోని ఒర్తోనాలో ఉంది, ఇక్కడున్నది సమాధి, చిన్న ఎముక ముక్క. ముందే చెప్పకపోతే కొందరు చిన్నబుచ్చుకుంటారు. నాకైతే ఆ గొయ్యి చాలు. ఇక్కడి ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి జ్వరమొచ్చినవాళ్ళకు తాగించేవారని పాతకాలపు ఇటలీ యాత్రికుడు మార్కోపోలో రాశాడు. మీరు మట్టి కోసం గోకకండి.

గుడి వెనక సముద్రం వైపున్న స్తంభం కూడా చూడండి. ఏనుగులు కదపలేని దుంగను తోమాసుగారు నడికట్టుతో లాగి తెచ్చారని, దాన్ని పాతాక సముద్రం హద్దు దాటలేదని కథ. 2004 సునామీ తర్వాత దాన్ని నమ్మేవాళ్ళు పెరిగారు.

నాలుగింటికి బయల్దేరకపోతే పూందమల్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. బెసంట్ నగర్ వేళాంగణి మాత గుడి దగ్గరే కదా, అదీ చూద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇంకోసారి వద్దామని చెప్పి వ్యాను ఎక్కించండి.