వసంతానికి లైలాక్ పెర్ఫ్యూమ్: పువ్వు పోలిక కుదిరినదాన్ని ఎంచుకోవడం, వాడటం

లైలాక్ అంటే చలి ప్రదేశాల్లో వసంతంలో గుత్తులుగా పూసే సువాసన పువ్వు. లైలాక్ పెర్ఫ్యూమ్ సీసాలో ఉండేది సాధారణంగా ఆ పువ్వు నుంచి తీసిన నూనె కాదు. గులాబీని ఆవిరిపట్టి నూనె తీస్తారు కానీ, లైలాక్‌కు ఆ పద్ధతి పనికిరాదు. వేడి తగిలితే దాని వాసన చెడిపోతుంది. అందుకే నిపుణులు టెర్పినియోల్, హైడ్రాక్సీసిట్రోనెల్లాల్, హీలియోట్రోపిన్, ఆనిసాల్డిహైడ్ వంటి పదార్థాలను కలిపి ఆ పువ్వుకు రూపచిత్రం గీస్తారు. ఆ చిత్రానికి పోలిక ఎంతవరకు కుదిరిందో చూడటమే కొనేవారి పని.

కాగితపు పట్టీ మీద ఒక్కసారి స్ప్రే చేసి, ఆల్కహాల్ ఆరేవరకు అర నిమిషం ఆగి వాసన చూడండి. మొదట తగలవలసినది తీపి కాదు, అప్పుడే విరిచిన లేత కొమ్మలోని పచ్చిదనం. దాని వెనుక సోంపును తలపించే చల్లదనం, ఆ తరువాత బాదం, వెనీలా కలిసిన పౌడరు మెత్తదనం రావాలి. అట్టడుగున, మల్లెలు వాడుతున్నప్పుడు వచ్చే బరువైన వాసన లీలగా ఉండాలి. అది ఇండోల్ అనే పదార్థం వల్ల వస్తుంది. మోతాదు మించితే కలరా ఉండలు గుర్తుకొస్తాయి, బొత్తిగా లేకపోతే పువ్వుకు ప్రాణం ఉండదు. చాలామంది ఆ చిన్న మురికిదనాన్ని లోపమనుకుంటారు. నా దృష్టిలో అసలైన పోలిక అక్కడే ఉంది.

ఇరవై నిమిషాల తరువాత అదే పట్టీని మళ్ళీ చూడండి. టెర్పినియోల్ నేల తుడిచే పైన్ ద్రావకాలలోనూ ఉంటుంది కాబట్టి, తూకం తప్పిన పెర్ఫ్యూమ్ ఈపాటికి సబ్బు వాసనలోకి దిగిపోతుంది. పోల్చి చూడటానికి ఫ్రెడెరిక్ మాల్ సంస్థ కోసం ఒలీవియా జియాకొబెట్టి 2000లో రూపొందించిన ఆన్ పాసాన్ అనే పెర్ఫ్యూమ్ మంచి నమూనా. అందులో లైలాక్ పక్కన దోసకాయ, గోధుమ ఛాయలు ఉంటాయి. పువ్వు చుట్టూ ఉండే తడి గాలిని కూడా చూపిస్తే పోలిక ఎంత బలపడుతుందో దానితో తెలుస్తుంది.

పట్టీ మీద నచ్చినంత మాత్రాన కొనేయకుండా, ఒక రోజు మోచేతి లోపలి వైపు పూసి చూడండి. హైడ్రాక్సీసిట్రోనెల్లాల్ కొందరి చర్మానికి పడదు. యూరోపియన్ యూనియన్‌లో లేబుల్ మీద పేరు చెప్పవలసిన అలర్జీ కారకాలలో అదొకటి.

వాడేటప్పుడు వాసన లేని మాయిశ్చరైజర్ రాసిన చర్మం మీద రెండు స్ప్రేలు చాలు. లైలాక్‌లోని పచ్చి ఛాయలు త్వరగా ఎగిరిపోతాయి కనుక, స్కార్ఫ్ మీద కొద్దిగా చల్లుకుంటే మరికొంతసేపు నిలుస్తాయి. అయితే మరక పడుతుందేమో ముందు ఒక మూల చూసుకోవాలి.

సీసాను వెలుతురుకు, వేడికి దూరంగా, మూత బిగించి ఉంచండి. నిరుటి సీసా తీసినప్పుడు ఆ విరిచిన కొమ్మ పచ్చిదనం లేకుండా నేరుగా పౌడరు వాసనే వస్తే, పైఛాయలు పాడైనట్టే లెక్క.