కట్టెల పొయ్యి ఒక్క అగ్గిపుల్లతో అంటుకోవాలంటే

అనంతపురం శివారులో కొత్తగా కాపురం పెట్టిన మా అబ్బాయి, చలికాలంలో స్నానానికి నీళ్లు కాచుకోవడానికి పెరట్లో కట్టెల పొయ్యి వేసుకున్నాడు గాని, రోజూ అరగంట సేపు కళ్లు మండేలా ఊదినా మంట నిలిచేది కాదు. మొన్న వెళ్లినప్పుడు పక్కన కూర్చుని ఈ పద్ధతి చూపించాను.

ముందుగా పాత బూడిద తీసేసి, మణికట్టంత లావున్న రెండు తుమ్మ కట్టెలను నాలుగు వేళ్ల ఎడంతో పక్కపక్కన పెట్టాలి. ఆ సందులో పిడికెడు ఎండు కొబ్బరి పీచు ఉంచి, దాని మీద జానెడు ముక్కలుగా విరిచిన కందికంప పుల్లలను పది పన్నెండు, గాలి ఆడేటట్లు అడ్డదిడ్డంగా పేర్చి, పీచుకు అడుగు నుంచి నిప్పు పెట్టాలి. పుల్లలు చిటపటమంటూ అంటుకున్నాక బొటనవేలంత కట్టెలు నాలుగు వేసి, అవి ఎర్రబడిన తరువాతే లావు కట్టెలు వేయాలి. మా వైపు వేరుశనగ పొట్టు దండిగా దొరుకుతుంది గనుక దాన్ని మొదటే కుమ్మరించడం చాలామందికి అలవాటు. అది గాలిని మూసేసి పొగ మాత్రమే ఇస్తుంది. మంట కుదిరాక గుప్పెడు చొప్పున చల్లితే బాగా మండుతుంది.

పచ్చి కట్టెలతో మాత్రం ఈ పద్ధతి పని చేయదు. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి తట్టినప్పుడు ఖణేలుమని మోగి, కోసిన చివర సన్నటి పగుళ్లు కనిపిస్తే అవి ఎండినట్లు. మొద్దుగా చప్పుడైతే వాటిని ఇంకొన్ని వారాలు ఎండలో ఉంచాలి.