కీ వదిలినా నోట్ ఆగడం లేదా? చిన్న సింథ్ సమస్యలు, వాటి మందులు

ఏటీమెగా 328 చిప్ మీద నడిచే, కోడ్ మనమే మార్చుకునే చిన్న సింథ్‌ల (ఎలక్ట్రానిక్‌గా శబ్దం పుట్టించే వాద్యాల) గురించి ఇది. కోడ్ ఎక్కించడం, మిడి (వాద్యాలు నోట్ల సమాచారం పంపుకునే పద్ధతి) కీబోర్డు తగిలించడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను.

కోడ్ ఎక్కడం లేదు

ముందు యూఎస్‌బీ కేబుల్ మార్చండి. ఇది చెబితే అందరూ "కేబుల్ బాగానే ఉందండీ, బోర్డు మీద లైటు వెలుగుతోంది" అంటారు. ఛార్జింగ్ కేబుల్‌తో కూడా లైటు వెలుగుతుంది, అందులో డేటా తీగలు ఉండవు, అంతే. కంప్యూటర్‌లో పోర్టే కనిపించకపోతే వేరే ఏదీ ముట్టుకోకుండా ఇంకో కేబుల్ పెట్టి చూడండి. దయచేసి టంకం వేడెక్కించక ముందే చూడండి.

పోర్టు కనిపిస్తూ "నాట్ ఇన్ సింక్" అని ఎర్రర్ వస్తుంటే మాత్రం చాలాసార్లు తప్పు మిడి ఇన్ సర్క్యూట్‌ది. ఈ చిప్‌కి సీరియల్ పోర్టు ఒక్కటే. కంప్యూటర్ పంపే కోడూ, కీబోర్డు పంపే మిడీ రెండూ 0వ పిన్ దగ్గరే కొట్టుకుంటాయి. ఆప్టోకప్లర్ (మిడి సంకేతాన్ని కాంతితో దాటించే భాగం) నుంచి ఆ పిన్‌కి వచ్చే వైరు పీకి, కోడ్ ఎక్కించి, మళ్లీ పెట్టండి. నేనైతే ఆ వైరు మధ్యలో ఒక స్విచ్ పెట్టేస్తాను.

మిడి అసలు అందడం లేదు

సీరియల్ వేగం 31250 ఉందా? వేరే పని కోసం 115200కి మార్చి మర్చిపోయి ఉంటారు. అది సరిగ్గా ఉంటే జాక్ చూడండి. 3.5 ఎంఎం మిడి జాక్‌లలో టైప్ ఏ, టైప్ బీ అని రెండు రకాల వైరింగ్ ఉంది. 2018లో టైప్ ఏని ప్రమాణంగా ఖాయం చేశారు, కానీ అంతకుముందు తయారైన పరికరాల్లో రెండూ దొరుకుతాయి. మీ కేబుల్ ఒక రకం, సింథ్ ఇంకో రకం అయితే ఏమీ వినపడదు. గుండ్రటి జాక్ మీరే టంకం వేసుకుని ఉంటే 4, 5 పిన్నులు తారుమారయ్యాయేమో చూడండి. ఆప్టోకప్లర్ ముందు డయోడ్ పెట్టి ఉంటే ఏమీ కాలదు, టెన్షన్ వద్దు.

శ్రుతి జారుతోంది, శబ్దం గరగరలాడుతోంది

16 మెగాహెర్ట్జ్ చిప్‌లో సెకనుకు 31250 శాంపిళ్లు తీస్తుంటే ఒక్కో శాంపిల్‌కి దొరికేది 512 క్లాక్ టిక్కులు. దశాంశాల లెక్కలు, భాగహారాలు చేసే హార్డ్‌వేర్ ఈ చిప్‌లో లేదు. వాటిని ఇంటరప్ట్‌లో (ప్రతి శాంపిల్‌కీ నడిచే కోడ్‌లో) పెడితే ఆ 512 చాలవు, శ్రుతి కిందికి జారుతుంది. లెక్కలు ముందే చేసి టేబుల్‌లో పెట్టుకోండి. గరగర ల్యాప్‌టాప్ తగిలించినప్పుడే వస్తుంటే అది గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల గ్రౌండ్‌లు రెండు దారుల్లో కలవడం), పవర్ బ్యాంక్‌తో నడిపి చూస్తే తేలిపోతుంది.

కీ వదిలినా నోట్ మోగుతూనే ఉంది

ఇది నన్ను బాగా ఏడిపించింది. కంప్యూటర్ నుంచి నోట్లు పంపితే సింథ్ బుద్ధిగా మోగేది. ఒక కీబోర్డు తగిలిస్తే మాత్రం మొదటి నోటే పట్టుకుని వదిలేది కాదు. ఆప్టోకప్లర్ రెండుసార్లు మార్చాను, టంకం అంతా మళ్లీ వేశాను. చివరికి, మొదటిరోజే చేయాల్సిన పని చేశాను: వచ్చిన బైట్లను ఒక అర్రేలో దాచి, సీరియల్ మానిటర్‌లో చూశాను. (మానిటర్ వేగం కూడా 31250 పెట్టాలి, లేకపోతే చెత్త కనిపిస్తుంది.)

కీ నొక్కితే 144 (నోట్ ఆన్), 60 (నోట్ నంబరు), 100 (వెలాసిటీ, అంటే కీ నొక్కిన జోరు) వచ్చాయి. వదిలితే 60, 0. అంతే. నా కోడ్ 128 కోసం, అంటే నోట్ ఆఫ్ కోసం, కూర్చుని ఉంది. అది ఎప్పటికీ రాదు.

మిడిలో ఒక బైటుకి 320 మైక్రోసెకన్లు పడుతుంది, మూడు బైట్ల సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను. అందుకే పొదుపు: స్టేటస్ బైటు (ఇది ఏ రకం సందేశమో చెప్పే మొదటి బైటు) మారకపోతే మళ్లీ పంపనక్కర్లేదు. దీన్నే రన్నింగ్ స్టేటస్ అంటారు. కీ వదిలినప్పుడు కూడా అదే స్టేటస్ సాగాలి కాబట్టి, వెలాసిటీ 0తో వచ్చిన నోట్ ఆన్‌ని నోట్ ఆఫ్‌గా లెక్కపెట్టాలని నియమం. కొన్ని కీబోర్డులు 128 పంపుతాయి, కొన్ని ఇలా పంపుతాయి. రెండూ సరైనవే. మూడేసి బైట్లు చదివే కోడ్ మాత్రం సరైనది కాదు.

అది సరిచేశాక కూడా ఇంకో కీబోర్డుతో అప్పుడప్పుడు నోట్ ఇరుక్కునేది. ఈసారి దొంగ 254. "నేను బతికే ఉన్నాను" అని చెప్పడానికి కొన్ని కీబోర్డులు 300 మిల్లీసెకన్లు దాటకుండా పంపుతూ ఉండే బైటు అది. క్లాక్ బైటు 248 అయితే బీటుకి 24 సార్లు వస్తుంది, టెంపో 120 ఉంటే సెకనుకు 48. ఇవి వేరే సందేశం మధ్యలో కూడా దూరవచ్చు: 144, 254, 60, 100. నా కోడ్ 254నే నోట్ నంబరు అనుకుంది.

కాబట్టి బైట్లను ఒక్కొక్కటిగా ఇలా విడదీయండి:

- 248, ఆపైన: వాడుకోండి లేదా పారేయండి, దాచుకున్న స్టేటస్‌ని, డేటా లెక్కని ముట్టుకోవద్దు.
- 240 నుంచి 247: దాచుకున్న స్టేటస్ చెరిపేయండి.
- 128 నుంచి 239: కొత్త స్టేటస్‌గా దాచండి, డేటా లెక్క సున్నా చేయండి.
- 128 కంటే తక్కువ: డేటా. రెండు చేరగానే పని చేయించి లెక్క సున్నా చేయండి, స్టేటస్ అలాగే ఉంచండి. 192 నుంచి 223 వరకు ఉన్న స్టేటస్‌లకు ఒక్క డేటా బైటే.

ఇంత చేశాక కూడా ఇరుక్కుంటుంటే సింథ్‌లోని ఆక్టేవ్ బటన్‌ని అనుమానించండి. కీ నొక్కి ఉంచి ఆక్టేవ్ మారిస్తే, నోట్ ఆన్ 60కి, ఆఫ్ 72కి వెళుతుంది. ఏ నోట్ మోగుతోందో కీబోర్డు పంపిన అసలు నంబరుతోనే గుర్తుపెట్టుకోండి, ఆక్టేవ్‌ని శబ్దం పుట్టించే చోట మాత్రమే కలపండి. దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది: ఒక్క గొంతు సింథ్‌లో రెండో కీ నొక్కి మొదటిది వదిలితే శబ్దం పూర్తిగా ఆగిపోతుంది. వచ్చిన నోట్ ఆఫ్ ఇప్పుడు మోగుతున్న నోట్‌దేనా అని చూడకపోవడమే కారణం.

మిగతావి అరుదు. క్రిస్టల్ పాడైందా, చిప్ పోయిందా అని అడుగుతుంటారు. కోడ్ ఎక్కుతోందంటే ఆ రెండూ దాదాపు ఖాయంగా బాగానే ఉన్నట్టు. మళ్లీ బైట్లు చూడండి.