ఆటోనగర్ బేరింగులతో పిల్లల బండి ఇంట్లోనే చేసుకోవడం

బేరింగుల బండి ఎలా ఉంటుందో మన వైపు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఒక పలక, రెండు అడ్డ కర్రలు, నాలుగు పాత బేరింగులు, ఒక తాడు, అంతే. కాకపోతే అప్పట్లో మనం చేసుకున్నవి మేకులు కొట్టేసిన బండ్లు, బ్రేకు అంటే చెప్పు నేలకి రాసి ఆపడమే, మోకాళ్ళు చీరుకుపోయినా ఇంట్లో చెప్పేవాళ్ళం కాదు. మన పిల్లలకి చేసేటప్పుడు కాస్త బుద్ధిగా చేద్దాం. 7 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి సరిపోయే కొలతలు ఇస్తున్నా. రంపం, ఉలి, ఆకురాయి, డ్రిల్లింగ్ మెషిన్ ఉంటే చాలు, డ్రిల్ లేకపోతే అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది అడగండి. రంగులు, స్టిక్కర్లు, సీటు మీద కుషను, వీటి జోలికి ఇప్పుడే పోవద్దు, అసలు పనంతా ఇరుసుల దగ్గరా బ్రేకు దగ్గరా ఉంది.

మొదట బేరింగులు తెచ్చుకోండి, కర్ర తర్వాత, ఎందుకంటే బేరింగుని బట్టే కర్ర కొలత. బెజవాడ అయినా గుంటూరు అయినా దీనికి ఆటోనగరే. మెకానిక్ షెడ్డులో తీసి పక్కన పడేసినవైనా, పాత సామాన్ల కొట్టులో దొరికేవైనా పర్లేదు. వెళ్ళి "అన్నా, 6206 పాతవి నాలుగు కావాలి, పిల్లల బండికి" అని నంబరు చెప్పి అడగండి, ఊరికే బేరింగులు అంటే నాలుగు నాలుగు సైజుల్లో చేతిలో పెడతారు, బండి కుంటుతుంది. నంబరు బేరింగు అంచు మీదే ఉంటుంది. 04 దగ్గర్నుంచి పైకి, చివరి రెండంకెల్ని 5తో హెచ్చవేస్తే లోపలి బొక్క ఎన్ని ఎంఎమ్మో వచ్చేస్తుంది, 05 అంటే 25, 06 అంటే 30. 6206 బయటి కొలత 62 ఎంఎం, మందం 16. చిన్నగా ముద్దుగా ఉందని 6203 తెచ్చేవాళ్ళున్నారు, దాని బొక్క 17 ఎంఎం, అంటే ఇరుసు కొనని చిటికెన వేలంత సన్నగా చెక్కాలి, మొదటి గుంతలోనే పుటుక్కుమంటుంది.

తీసుకునే ముందు లోపలి రింగులో వేళ్ళు పెట్టి పట్టుకుని బయటి రింగుని తిప్పి చూడండి, ఆగి ఆగి తిరిగినా, గుండు చోట గుండు లేకపోయినా వద్దు. తుప్పు పైపైన ఉంటే పర్లేదు, డీజిల్‌లో ఒక రాత్రి నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పోతుంది, ఆరాక కొంచెం గ్రీజు పెట్టండి, మరీ ఎక్కువ పెడితే మన రోడ్ల మీద దుమ్మంతా దానికే అంటుకుంటుంది. రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నవి దొరికితే అదృష్టం, వాటిని నానబెట్టొద్దు, గుడ్డతో తుడిస్తే చాలు.

ఇప్పుడు కర్ర. ఇరుసులకి 2 ఇంచీలు బై 2 ఇంచీల కర్ర, వెనకది 2 అడుగులు, ముందుది 20 ఇంచీలు. టేకు ముక్క గానీ తుమ్మ గానీ అయితే బాగుంటుంది, అడితిలో తలుపుల పనికి కోసినప్పుడు మిగిలిన ముక్కలు అడిగితే తక్కువలోనే ఇస్తారు. ముడులు లేకుండా నిలువు చార తిన్నగా ఉన్నది ఏరుకోండి, ముఖ్యంగా కొనల దగ్గర ముడి అస్సలు ఉండకూడదు. నడుమ దూలానికి, అంటే రెండు ఇరుసుల్నీ కలిపే పొడుగు కర్రకి, 3 ఇంచీల వెడల్పు, 2 ఇంచీల మందం, 4 అడుగుల పొడవు. సీటుకి 18 ఎంఎం ప్లైవుడ్ ఒకటిన్నర అడుగు పొడవు, 15 ఇంచీల వెడల్పు. బండి వానలో ఉండిపోతుందని ముందే తెలుసు కాబట్టి 710 మార్కు ఉన్న ప్లై, అంటే నీళ్ళకి తట్టుకునే మెరైన్ ప్లై తీసుకోండి, మామూలుది ఒక్క వర్షాకాలానికే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది.

ఇరుసు కొనలు చెక్కడం దగ్గర నిదానంగా ఉండండి, ఒక పూట పట్టినా పర్లేదు. కొన మీద 30 ఎంఎం గుండ్రం గీసుకోవాలి కదా, దాన్ని సరిగ్గా మధ్యలో గియ్యకండి, కర్ర కింది అంచుకి ఆనుకునేలా కిందికి దించి గీయండి. ఎందుకంటే మధ్యలో చెక్కితే ఇరుసు అడుగుకీ నేలకీ సందు 6 ఎంఎం కూడా సరిగ్గా ఉండదు, చిన్న కంకర రాయి వచ్చినా రాసుకుపోతుంది, కిందికి దించితే అదే కర్రకి 16 ఎంఎం దాకా వస్తుంది, అదే బేరింగు, అదే కర్ర, పైసా ఖర్చు లేదు. కొన నుంచి 20 ఎంఎం లోపలికి చుట్టూ రంపంతో గాటు పెట్టి, ఉలితో కొద్దికొద్దిగా తీసి, చివర్లో ఆకురాయితో గుండ్రంగా చెయ్యండి. బేరింగు చేత్తో ఎక్కేసేంత సన్నగా చెయ్యొద్దు, కొన మొదలు దూరి తర్వాత బిగియాలి, అక్కడి నుంచి సుత్తితో దించాలి. ఆ దించేటప్పుడు లోపలి రింగు మీద ఆనేలా ఒక జీఐ పైపు ముక్క పెట్టి దాని మీద కొట్టండి, బయటి రింగు మీద కొడితే లోపల గుండ్లు తిరిగే గాడి దెబ్బతింటుంది, ఇక ఆ బేరింగు జన్మలో నున్నగా తిరగదు.

ఇంకోటి, బేరింగు వెళ్ళి కర్రకి ఆనే చోట బయటి రింగు కర్రకి తగలకూడదు. అందుకే అక్కడ 3, 4 ఎంఎం మేర 36 ఎంఎం గుండ్రంలో చిన్న మెట్టు వదలండి, లోపలి రింగు ఆ మెట్టుకి ఆనుతుంది, బయటిది గాల్లో తిరుగుతుంది. అడుగున మాత్రం మెట్టు కర్ర అంచుతోనే సరి, అక్కడ అంచుని కొంచెం వాలుగా చెక్కేస్తే చాలు. కొనకి ఒక వాషరు వేసి మధ్యలో 2 ఇంచీల స్క్రూ బిగిస్తే బేరింగు ఊడి రాదు, ఆ వాషరు కూడా బయటి రింగుని తాకని సైజే ఉండాలి.

వెనక ఇరుసుని దూలం కింద రెండు 10 ఎంఎం బోల్టులతో బిగించండి, మధ్యలో ఫెవికాల్ పూసి. మేకులు వద్దు, ఈ బండి అదురుకి మేకులు వారంలో లేచొస్తాయి. బోల్టు గట్టిగా బిగించే ముందు దారం తీసుకుని, దూలం ముందు బోల్టు బెజ్జం నుంచి వెనక ఇరుసు కుడి కొనకీ ఎడమ కొనకీ కొలవండి, రెండూ ఒకటే రావాలి, తేడా ఉంటే బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

ముందు ఇరుసు ఒక్క బోల్టు మీదే తిరుగుతుంది, 12 ఎంఎం మందం, 5 ఇంచీల పొడవు. దూలానికీ ఇరుసుకీ మధ్య రెండు పెద్ద వాషర్లు, వాటి మధ్య గ్రీజు. నట్టు మాత్రం లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టే కొనండి, బెజవాడ వన్‌టౌన్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, మామూలు నట్టు అదిరి అదిరి దానంతట అదే విప్పుకుంటుంది. చేత్తో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఊగకూడదు, అంత బిగింపు. తర్వాత ఇరుసు మరీ అడ్డంగా తిరిగిపోకుండా, బోల్టుకి వెనక దూలం రెండు పక్కలా కిందికి దిగేలా రెండు చెక్క ముక్కలు స్క్రూలతో బిగించండి, ముప్పై డిగ్రీలకి మించి తిరగనివ్వొద్దు. బండ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే, పిల్లాడు స్పీడులో తాడు ఒక్కసారి లాగుతాడు, ఇరుసు దూలానికి సమాంతరంగా వచ్చేస్తుంది, బండి ఆగిపోతుంది, వాడు ఆగడు. తాడు 8 ఎంఎం నైలాన్‌ది, ఇరుసు కొనలకి కొంచెం లోపలగా బెజ్జాలు వేసి ముడి వేయండి, కూర్చున్నప్పుడు ఒళ్ళోకి వచ్చేంత పొడవు చాలు, నేలకి జారేంత ఉంటే బేరింగు కిందకి పోతుంది.

బ్రేకు. చాలామంది కర్రతో బేరింగుని నొక్కేలా పెడతారు, నున్నటి ఇనుము కాబట్టి అది జారుతుంది తప్ప ఆగదు. నేలని నొక్కాలి. 16 ఇంచీల కర్ర మీట తీసుకుని సీటు ముందు అంచు దగ్గర దూలం పక్కన ఒక బోల్టు మీద ఊగేలా పెట్టండి, ముందుకి అడుగు, వెనక్కి 4 ఇంచీలు. వెనక కొనకి కిందికి ఒక ముక్క దించి దాని అడుగున పాత టైరు ముక్క స్క్రూ చెయ్యండి, పంక్చర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. టైరుకీ నేలకీ మధ్య వేలు దూరేంత సందు. ముందు భాగం పొడవు కాబట్టి దాని బరువుకి అదే కిందికి వాలి ఉంటుంది, అది ఆనడానికి దూలానికి ఒక చిన్న మేకు చాలు, అంటే వదిలేస్తే బ్రేకు పడదు, పైకి లాగితే పడుతుంది, పిల్లాడు వేసే బలానికి మూడింతలు నేల మీద పడుతుంది.

సీటు దూలానికి స్క్రూలతో బిగించి, అంచులన్నీ ఎమ్రీ పేపర్ పట్టేశాక పిల్లల్ని ఎక్కించకండి, బియ్యం బస్తా ఎక్కించండి. 25 కేజీలదో, జీఎస్టీ తప్పించడానికి వచ్చిన 26 కేజీలదో, రెండు వేసి తాడుతో కాసేపు గుంతల్లోంచి లాగి చూడండి, ఏ బోల్టు వదులైందో, ఎక్కడ టకటక వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

ఎక్కడ తోలాలి అనేది కూడా బండిలో భాగమే. గుంటూరులో నేల చదును కాబట్టి వెనక నుంచి ఒకడు తొయ్యాలి, గొడవ లేదు. బెజవాడలో గుణదల, విద్యాధరపురం కొండ పక్క సందుల్లో వాలు ఎక్కువ, కింద చివర రోడ్డు తగులుతుంది, అక్కడ వద్దే వద్దు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు కూడా అంతే, పిల్లలకి చూడగానే అదే కావాలనిపిస్తుంది, కారు ఎదురొస్తే ఎవరికీ కనపడదు. కృష్ణ ఘాట్ల దగ్గర విశాలంగా ఉంది కదా అని తీసుకెళ్తారు, మెట్లవైపు వాలు ఉందేమో చూసుకోండి. గోడ ఉన్న కాంపౌండు, ఖాళీ స్కూలు గ్రౌండులో సిమెంటు నేల, ఇవి చాలు. హెల్మెట్టు, బూట్లు ఉండాలి, చెప్పులు కాదు, వేళ్ళు ఇరుసు మీదే ఉంటాయి.

మే నెలలో ఎండకి తారు మెత్తబడి బేరింగులు దిగబడతాయి, సాయంత్రం ఐదు దాటాకే బయటికి తియ్యండి, మధ్యాహ్నం ఆ గరగర చప్పుడుకి పై అంతస్తు మామ్మగారి నిద్ర కూడా పోకుండా ఉంటుంది. ఎండలకి కర్ర కుంచించుకుని బేరింగు వదులైతే, ఊడదీసి కొన చుట్టూ పలచటి గుడ్డకి ఫెవికాల్ పూసి చుట్టి మళ్ళీ దించండి, ఒక రాత్రి ఆరనివ్వండి. వానాకాలంలో ఎటూ ఉబ్బి బిగుసుకుంటుంది.