గండా, ముంపా? చిక్కుకు ఎదురెళ్లాలో ఆగాలో తేల్చుకునే పద్ధతి

గట్టుకు బుంగ పడితే అర్ధరాత్రయినా పార పట్టుకుని వెళ్లాల్సిందే. తెల్లారేదాకా ఆగితే అది గండి. అదే తుపాను వానకు చేను మునిగి, మురుగు కాలువ కూడా నిండుగా ఉంటే గట్టు తెంచకూడదు. కాలువ మట్టం చేనుకన్నా ఎత్తులో ఉన్నంతసేపు నీళ్లు బయటికి పోవు, ఎదురు లోపలికి వస్తాయి. కాలువ మట్టం తగ్గాకే తెంచాలి. కోనసీమలోనో నరసాపురం వైపో సేద్యం చేసేవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంట్లో, సంఘంలో, అప్పుల్లో వచ్చే చిక్కుల దగ్గర మాత్రం ఈ లెక్క మర్చిపోతాం. దూకుడు మనిషి ప్రతిదానికీ పార తీస్తాడు. మెతక మనిషి ప్రతిదాన్నీ "ప్రార్థనలో పెట్టాం" అంటాడు.

బైబిలు వాక్యం ఈ ఇద్దరిలో ఎవరి పక్షమూ వహించదు. చంపజూస్తున్నారని యేసు కొంతకాలం యూదయలో తిరగలేదు (యోహాను 7:1). సమయం వచ్చాక యెరూషలేముకే మనసు స్థిరపరచుకుని బయల్దేరాడు (లూకా 9:51). దమస్కులో గంపలో కూర్చుని గోడ దిగి తప్పించుకున్న పౌలే, అంతియొకయలో కేఫాను (పేతురును) ముఖాముఖి నిలదీశాడు. కాబట్టి తప్పుకున్నవాడికి విశ్వాసం తక్కువని తీర్పు చెప్పేయకండి.

ఒక కాగితం తీసి చిక్కును రెండు మూడు వాక్యాల్లో రాయండి. ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఎవరితో. మీ కోపం కాదు, జరిగింది మాత్రమే. తర్వాత నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఆగితే ఇది పెరుగుతుందా, తగ్గుతుందా? అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. ప్రామిసరీ నోటు మీద తెచ్చిన 50,000 రూపాయలకు నూటికి రెండు వడ్డీ అంటే నెలకు 1,000, ఏడాదికి 12,000. షావుకారు కనబడితే సందు మారినంత మాత్రాన అది ఆగదు. పైగా 3 ఏళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, ఇక దాని మీద దావా చెల్లదు. మీరు కొంత కట్టి నోటు వెనక చెల్లు వేయించక, నోటు తిరగరాయనూ రాయకపోతే, అతను ఆ గడువులోపే కోర్టుకెక్కుతాడు. అంటే తప్పించుకు తిరగడమే దావా తెచ్చిపెడుతుంది. అప్పు ఎప్పుడూ గండే. అతను రాకముందే మీరు వెళ్లండి, నెలకు ఎంత కట్టగలరో అంకె చెప్పండి, కట్టలేని అంకె చెప్పకండి.

ఇది నాదేనా? తనది కాని తగాదాలో తలదూర్చడం కుక్క చెవులు పట్టుకోవడమని సామెతలు 26:17 అంటుంది. పట్టుకోవడం తేలికే, వదలడమే కష్టం.

గెలిస్తే ఏం మిగులుతుంది? ఇస్సాకు దాసులు తవ్విన బావి కోసం గెరారు కాపరులు తగవులాడితే దానికి ఏశెకు అని పేరు పెట్టి వదిలేశాడు. రెండోదానికి శిత్నా అని పేరు పెట్టి అదీ వదిలేశాడు. మూడోదాని జోలికి ఎవరూ రాలేదు, అది రహెబోతు (ఆదికాండము 26). అయితే అతనికి ఇంకోచోట తవ్వుకునే వీలుంది. మీది అరెకరం కౌలు చేను, ఉన్నది ఒక్కటే బోదె (పిల్ల కాలువ) అయితే ఈ మాదిరి మీకు సరిపోదు.

అవతలి మనిషి ఇప్పుడు వినగలడా? నాబాలు తాగి ఉంటే అతని భార్య అబీగయీలు ఆ రాత్రి ఒక్క ముక్కా చెప్పలేదు, తెల్లారి మత్తు దిగాకే చెప్పింది. పొద్దు గుంకేలోపు తేల్చేయాలని ఎఫెసీ 4:26 పట్టుకుని రాత్రిపూట గొడవలు పెట్టుకునేవాళ్లున్నారు. ఆ మాట కోపం గురించి, పంచాయితీ గురించి కాదు.

ఎదురెళ్లాలని తేలితే మత్తయి 18:15–17 వరుస తప్పకండి. మొదట ఒంటరిగా. టీ కొట్టు దగ్గరా పెళ్లి పందిట్లోనూ వద్దు, ఫోనులో అసలే వద్దు. ఒక్క సంగతే ఎత్తండి, ఏం కావాలో చెప్పండి: "బావా, మొన్న దుక్కిలో గట్టు మూరెడు మా వైపు జరిగింది. దాళ్వా నాట్లు పడకముందే ఇద్దరం కలిసి తాడు లాగి చూద్దాం." "నువ్వెప్పుడూ ఇంతే", "మీ వాళ్లంతా ఇంతే" అన్న మాట వచ్చిందంటే గట్టు సంగతి గోదాట్లో కలిసినట్టే. వినకపోతే ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లండి, వాళ్లు మీ పక్షంవాళ్లు కాదు, సాక్షులు. ఆ తర్వాతే సంఘం. 1830ల్లో బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు వచ్చి మొదలుపెట్టిన బ్రదరెన్ సంఘాల్లోనయితే పెద్దలకు, లూథరన్ గుడిలోనయితే పాస్టరుగారికి చెప్పాలి. కొలతలకు సర్వేయరు కోసం అర్జీ పెట్టడం అవిశ్వాసం కాదు, పౌలు కూడా కైసరు (రోమా చక్రవర్తి) ఎదుట చెప్పుకుంటానన్నాడు.

ఈ వరుస ఎక్కువగా చెడేది ఉపవాస కూటంలో. "ఫలానా మరిది కోసం ప్రార్థించండి, పొలం విషయంలో మోసం చేస్తున్నాడు" అంటే మొదటి రెండు మెట్లూ ఎగరగొట్టి మూడోదానికి దూకినట్టే. అర్పణ బలిపీఠం ముందు విడిచి, వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు (మత్తయి 5:24). మనలో చాలామంది మొదటి సగమే చేస్తాం. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన) దగ్గరికి రావడం మానేస్తాం, సమాధానపడడానికీ వెళ్లం.

ఒక్కచోట ఈ వరుస పనికిరాదు. కొట్టేవాడి దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి, ఇంట్లోవాడైనా సరే. సౌలు రాజు ఈటె విసిరితే దావీదు తప్పుకుని పారిపోయాడు. ముందు పిల్లలతో క్షేమమైన చోటికి చేరాలి. మహిళలకు 181, ఏ ఆపదకైనా 112. "సర్దుకుపో అమ్మా" అని తిప్పి పంపే పెద్దలు ఈ విషయంలో వాక్యాన్ని అడ్డం పెట్టుకోకూడదు.

ఆగాలని తేలితే కాగితం మీద తేదీ వేయండి. తేదీ లేని ఆగడం తప్పించుకోవడమే. సార్వా కోతలయ్యాక అనో, కాలువలు కట్టేసిన వారం అనో కాక, నెలా రోజూ రాయండి. ఈలోగా చేతులు కట్టుకోనక్కర్లేదు. యెరూషలేము గోడ కట్టేటప్పుడు నెహెమ్యా ప్రార్థన చేశాడు, కాపలా కూడా పెట్టాడు. ఓనో మైదానానికి రమ్మని శత్రువుల నుంచి నాలుగుసార్లు కబురొస్తే పని ఉందని వెళ్లలేదు. మీరూ రసీదులు, పాస్‌బుక్కు, అడంగల్ (పొలం సాగు రికార్డు) నకలు ఒకచోట చేర్చుకోండి. తేదీ వచ్చిననాడు ఆ నాలుగు ప్రశ్నలూ మళ్లీ వేసుకోండి. జవాబులు మారకపోతే ఇంకో తేదీ వేయండి, కానీ ఒక్కసారే. రెండోసారీ వాయిదా వేయాలనిపిస్తే కాగితం పట్టుకుని సంఘంలో మీరు నమ్మే ఒక పెద్ద దగ్గరికి వెళ్లి చదివి వినిపించండి.